ఒక్క కీతో నడిచే కారు

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మనవాళ్ళు టైర్లు చూస్తారు, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూస్తారు, బానెట్ బోల్టులకు స్పానర్ పడిందేమోనని తడిమి చూస్తారు. రెండో కీ గురించి అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. అడిగినా "ఇంట్లో బీరువాలో ఎక్కడో ఉందండీ, పంపిస్తాలెండి" అనగానే తలూపి డబ్బులు కట్టేస్తారు. నన్నడిగితే, ఒక్క కీ మాత్రమే ఉన్న కారుకు అప్పటికే ఒక రిపేరు బాకీ ఉన్నట్టు. ఆ బాకీ ఇవాళ తీరిస్తే ఒక ఖర్చు. ఆ ఒక్క కీ కూడా పోయాక తీరిస్తే దానికి కొన్ని రెట్లు, పైగా కారును లాక్కెళ్ళే బండి బాడుగ. ఇంత తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే కీ మీదున్న ప్లాస్టిక్ డొప్పను విప్పి చూడాలి.

లోపల మూడు వేరువేరు సరుకులుంటాయి. మొదటిది లోహపు బ్లేడు. డోరు, స్టీరింగ్ లాక్ తిప్పడం దాని పని. రెండోది బటన్లున్న బుల్లి సర్క్యూట్ బోర్డు, దాని సెల్. మన దేశంలో ఇది ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ రేడియో మీద డోర్లను లాక్, అన్‌లాక్ చేస్తుంది. మూడోది ట్రాన్స్‌పాండర్ చిప్, ఇంజన్ స్టార్ట్ కావడానికి అనుమతి తెచ్చేది ఇదే. కొన్ని కీలలో బియ్యపు గింజకంటే కాస్త పెద్ద గాజు గొట్టంలా ఉంటుంది. కొన్నింటిలో 12 మి.మీ. పొడవు, 6 వెడల్పు, 3 మందం ఉన్న నల్లటి ముక్క. ఇంకొన్నింటిలో రిమోట్ బోర్డు మీదే ఒక ఐసీలో కలిసిపోయి ఉంటుంది. ఎక్కడున్నా సరే, బ్లేడు తిప్పే కీలో ఈ చిప్‌కు సెల్‌తో పని లేదు.

కీ సమస్యల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. "రిమోట్ సెల్ అయిపోయింది, అందుకే బండి స్టార్ట్ కావట్లేదు" అనే మాట రోజూ వినిపిస్తుంది. బ్లేడు పెట్టి తిప్పే కారులో అది జరగదు. సెల్ తీసి పారేసినా ఆ కారు స్టార్ట్ అవుతుంది. డోర్లు చేత్తో తియ్యాల్సి వస్తుందంతే. అలాగే రిమోట్‌తో డోర్లు టకటకా తెరుచుకుంటున్నాయంటే కీ బాగున్నట్టే అనుకోవడమూ పొరపాటే. డోర్లు తెరిచే సర్క్యూటు ఇంజన్‌కు అనుమతిచ్చే చిప్‌కు సాక్ష్యం చెప్పదు.

అనుమతి ఎలా దొరుకుతుందో చూద్దాం. ఇగ్నిషన్ తాళం మూతి చుట్టూ ఒక ప్లాస్టిక్ రింగు, అందులో సన్నటి రాగి తీగ చుట్టలు ఉంటాయి. కీ ఆన్ చేయగానే ఆ రింగులో 125 కిలోహెర్ట్జ్ కరెంటు నడుస్తుంది (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లు వాడే కార్లలో 134.2). దాని అయస్కాంత క్షేత్రం కొన్ని సెంటీమీటర్లకు మించి చేరదు. ఆ కొద్ది దూరంలోనే చిప్‌లో ఉన్న తీగ చుట్ట కరెంటు అందుకుని మేలుకుంటుంది, జవాబిస్తుంది. తొంభైల నాటి తొలి చిప్‌లు ఎప్పుడు అడిగినా ఒకే నంబరు చెప్పేవి. ఆ నంబరు ఒకసారి చదివితే చాలు, నకలు తయారు. తర్వాత వచ్చినవి అలా చెప్పవు. కారు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య విసురుతుంది. చిప్ తన లోపల దాచుకున్న రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబు పంపుతుంది. కారూ అదే లెక్క కట్టుకుని రెండూ కలిస్తేనే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోలు ఇంజెక్టర్లను పని చేయనిస్తుంది. ఇదంతా సెకనులో చిన్న భాగం.

అంటే కారు దృష్టిలో కీ అనేది లోహం కాదు, ఇమ్మొబిలైజర్ (సరైన చిప్ లేకుంటే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు) మెమరీలో రాసి ఉన్న ఒక పేరు. ఆ జాబితాలో కొన్ని కార్లు నాలుగు కీల వరకు రాసుకుంటాయి, కొన్ని ఎనిమిది. ఈ జాబితాలో కొత్త పేరు చేర్చాలంటే కారుకు ఎవరో ఒకరు హామీ ఇవ్వాలి. ఆ హామీ ఇప్పటికే జాబితాలో ఉన్న కీ కావచ్చు, ఆ కారుకు కంపెనీ పెట్టిన రహస్య పిన్ నంబరు కావచ్చు, లేదా రెండూ.

ఇది బాగా కనిపించేది అమెరికాలోని పాత ఫోర్డ్ కార్లలో. అక్కడ చాలా మోడళ్ళలో రెండు పనిచేసే కీలుంటే మూడోదాన్ని ఓనరే చేర్చుకోవచ్చు. మొదటి కీ పెట్టి మూడు సెకన్లు ఆన్ చేసి తీసేయాలి. పది సెకన్లలోపు రెండోది పెట్టి అలాగే చేయాలి. మళ్ళీ పది సెకన్లలోపు కొత్త కీ పెట్టి ఆన్ చేస్తే పేరు నమోదైపోతుంది. స్కానర్ అక్కర్లేదు, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఉన్నది ఒక్క కీ అయితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది, మనిషిని పిలవాల్సిందే. అక్కడ పాత ఫోర్డ్ కొనుక్కునే మన పిల్లలు ఈ రెండో కీ ఒక్కటీ బేరంలో గట్టిగా అడిగి తీసుకుంటే చాలు, మూడోది పైసా పెట్టకుండా నమోదవుతుంది.

మన దగ్గర తిరిగే చాలా కార్లలో ఓనరే చేర్చుకునే వీలు లేదు. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్‌తో మాట్లాడే ప్లగ్గు) స్కానర్ తగిలించి, పిన్ కొట్టి చేర్చాలి. ఒక కీ పనిచేస్తుంటే సాధారణంగా కూర్చున్న చోటే అయ్యే పని. ఒక్కటీ లేకపోతే మొదట డోరు తెరవాలి, బ్లేడు కోయాలి, పిన్ సంపాదించాలి. పిన్ దొరక్కపోతే డ్యాష్‌బోర్డు విప్పి, ఇమ్మొబిలైజర్ బాక్సో ఈసీయూనో బయటకు తీసి, అందులోని ఎనిమిది కాళ్ళ మెమరీ ఐసీని చదవాలి. ఆ ఐసీలో ఉన్నదాన్ని ముందు కాపీ తీసి పెట్టుకోకుండా కెలికే మెకానిక్ చేతిలో ఈసీయూ చచ్చిపోతే ఇక అది కీ ఖర్చు కాదు, ఈసీయూ ఖర్చు. షోరూమ్‌కు వెళ్తే ఆర్సీ, గుర్తింపు కార్డు, కీ పోయినట్టు పోలీసు ఫిర్యాదు కాగితం అడుగుతారు. ఆ అడగడంలో తప్పు లేదు. అడగని చోట మీ కారు కీ ఇంకెవరికైనా చేసి ఇవ్వగలరు.

"ఈ చిప్ గోలే లేకుంటే వంద రూపాయలకు మూల మీద తాళాలు చేసేవాడు కోసిచ్చేవాడు కదా" అనేవాళ్ళకు అమెరికాలో జరిగింది చెప్పాలి. అక్కడ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అనే చట్టం లేదు. కెనడాలో 2007 సెప్టెంబరు నుంచి ఉంది. 2011 నుంచి 2021 మధ్య అమెరికాలో అమ్మిన చాలా కియా, హ్యుందాయ్ మోడళ్ళలో, బ్లేడు కీతో తిప్పే చవక రకాల్లో, ఈ చిప్ పెట్టలేదు. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ ఊడదీసి, తాళం బ్యారెల్ పీకేసి, లోపలున్న ముక్కను యూఎస్‌బీ పిన్నుతో తిప్పి కుర్రాళ్ళు కార్లు ఎత్తుకుపోయారు, వీడియోలు పెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు దాదాపు 83 లక్షల కార్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించాల్సి వచ్చింది. అవే కంపెనీల, పుష్ బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో ఇమ్మొబిలైజర్ ఉంది, వాటి మీద ఈ పద్ధతి పనికిరాలేదు. చిప్ ఏం కాపాడుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ప్రయోగం ఎవరూ చేయలేరు.

అలాగని చిప్ ఛేదించలేనిదేమీ కాదు. టెక్సాస్ వాళ్ళ 40 బిట్ల చిప్‌ను 2005లోనే జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు ఛేదించారు. ఫిలిప్స్ వాళ్ళ హైటాగ్ 2 అనే చిప్ రహస్య సంఖ్యను ఆరు నిమిషాల్లోపు లాగవచ్చని 2012లో ఇంకో బృందం చూపించింది. మార్కెట్‌లో కీ తయారుచేసేవాళ్ళు ఇవాళ వాడే పరికరాల్లో చాలా భాగం ఇలాంటి లొసుగుల మీదే బతుకుతున్నాయి. మామూలు దొంగ మాత్రం ఆ లెక్కల జోలికి పోడు. అద్దం పగలగొట్టి, బ్యారెల్ తిప్పి, ఇంజన్ అంటుకోకపోతే పక్క బండి చూసుకుంటాడు.

ఈ పరికరాల దగ్గరే ఓనర్లు అడగని ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: డూప్లికేట్ అంటే క్లోన్ చేస్తున్నారా, కొత్తగా నమోదు చేస్తున్నారా? బయటికి రెండూ ఒకటే. కారు స్టార్ట్ అవుతుంది, డబ్బు తీసుకుంటారు. క్లోన్ అంటే ఉన్న చిప్ సమాచారాన్ని ఇంకో చిప్‌లోకి ఎక్కించడం. కారుకు అసలు విషయం తెలియదు, జాబితాలో పేర్లు పెరగవు. నమోదు అంటే కొత్త చిప్‌కు సొంత పేరు. ఇప్పుడు క్లోన్ చేసిన కీ ఒకటి పోయిందనుకోండి. దాన్ని మాత్రమే జాబితా నుంచి కొట్టేయడం కుదరదు, ఎందుకంటే మీ చేతిలో ఉన్నదీ అదే పేరు. కొట్టేస్తే రెండూ పోతాయి, కొట్టేయకపోతే పోయిన కీ దొరికినవాడికి కారు తాళం ఉన్నట్టే. అందుకని క్లోన్ చవకే అయినా, నాకు నచ్చని బేరం. కారులో స్కానర్ పెట్టాల్సిన అవసరమే లేకుండా, మీ కీ ఒక్కటి తీసుకుని లోపలికి వెళ్ళి రెండు కీలతో బయటికొచ్చారంటే అది క్లోన్. నమోదు చేసినవాడు స్కానర్ తెరమీద కీల సంఖ్య చూపించగలడు. ముందు రెండు, తర్వాత మూడు. చూపించమని అడగండి. కారు కొన్నవాళ్ళకైతే ఇంకో లాభం: మీ చేతిలో రెండు కీలుండి తెర మీద మూడు కనిపిస్తే, మూడోది ఎవరి జేబులోనో ఉందన్నమాట. అన్నీ తుడిచి మీ రెండే మళ్ళీ నమోదు చేయించుకోండి.

బ్లేడు విషయంలో కూడా ఒక పొరపాటు మామూలైపోయింది. పదేళ్ళు వాడి అంచులు అరిగిన కీని మెషీన్‌లో పెట్టి నకలు కోస్తే ఆ అరుగుదల కూడా నకలుకు వస్తుంది. కొత్త కీ మొదటి రోజు నుంచే ఆడించి ఆడించి తిప్పాలి. కారు కొన్నప్పుడు కీలతో పాటు చిన్న రేకు బిళ్ళో ప్లాస్టిక్ ట్యాగో ఇస్తారు, దాని మీద అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అది బ్లేడు కోత కోడ్. దాన్నిబట్టి కోస్తే ఫ్యాక్టరీ కొలతతో వస్తుంది. ఆ బిళ్ళను కీ గుత్తికే తగిలించి తిరిగేవాళ్ళున్నారు. కీతో పాటు కోడ్ కూడా పారేసుకోవడానికి అంతకంటే తేలిక మార్గం లేదు. ఫోటో తీసి పెట్టుకుని బిళ్ళను ఇంట్లో దాచాలి. అయితే అది చిప్ కోడ్ కాదు, ఇమ్మొబిలైజర్ పిన్ కాదు. ఆ పిన్‌ను కారు డెలివరీ రోజే సీలు వేసిన కవరులో ఓనరుకు ఇచ్చేస్తే షోరూమ్ చుట్టూ తిరిగే పని సగం తగ్గుతుంది. కారు మనదైనప్పుడు దాని పిన్ ఇంకొకరి కంప్యూటర్‌లో మాత్రమే ఎందుకుండాలో ఏ కంపెనీ సరిగ్గా చెప్పదు.

ఇక స్టార్ట్ కాని కారు దగ్గర నిలబడ్డప్పుడు కీని తిట్టే ముందు ఏం చూడాలి? మీటర్ బోర్డులో కీ బొమ్మో, తాళం గుర్తున్న కారు బొమ్మో చూడండి. కీ ఆన్ చేయగానే చాలా కార్లలో అది వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా గబగబా మెరుస్తుంటే చిప్ చదవడం కుదరలేదని అర్థం. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ అంటుకోకపోయినా, అంటుకుని ఒకటి రెండు సెకన్లలో టప్పున ఆగిపోయినా ఇమ్మొబిలైజర్‌ను అనుమానించాలి. స్కానర్‌లో పీ0513 కోడ్ వస్తే అదీ ఇదే కథ. సెల్ఫ్ టిక్ టిక్‌మని కొట్టుకుంటూ లైట్లు డల్ అయిపోతుంటే అది కారు బ్యాటరీ. ఇక్కడో మెలిక ఉంది: బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ తిరిగే క్షణంలో వోల్టేజీ పడిపోయి ఇమ్మొబిలైజర్ కూడా తడబడుతుంది, కీ గుర్తు మెరుస్తుంది. బ్యాటరీ చెక్ చేయకుండా కొత్త కీ కొన్నవాళ్ళు తక్కువేమీ లేరు.

బ్యాటరీ బాగుంటే గుత్తి మీద అనుమానం పెట్టాలి. చిప్ ఉన్న రెండు కీలు ఒకే గుత్తికి తగిలిస్తే రెండూ ఒకేసారి జవాబు చెప్పబోయి కారుకు ఏదీ అర్థం కాకపోవచ్చు. బైక్ కీ, రెండో కారు కీ, పెద్ద ఇనుప రింగు అన్నీ తీసేసి ఒట్టి కీతో ప్రయత్నించండి. అప్పుడు స్టార్ట్ అయితే రిపేరు అయిపోయినట్టే. కాకపోతే రెండో కీ తెచ్చి చూడాలి. రెండోదానితో అయితే మొదటి కీ చిప్‌లో లోపం. రెండోదానితోనూ కాకపోతే తాళం మూతి చుట్టూ ఉన్న ఆ రాగి తీగ రింగు (యాంటెన్నా), దాని కనెక్టర్, వైరింగ్ చూడాలి. స్టీరింగ్ కవరు విప్పి సెంట్రల్ లాకో, అలారమో బిగించిన కొన్నాళ్ళకే మొదలైతే ఆ కనెక్టర్ సగం కూర్చుని ఉండొచ్చు. రెండో కీ లేకపోతే ఈ పరీక్షే లేదు, ఒక్కో భాగం కొని మార్చి చూడడమే.

కీలోనే లోపమైతే చాలాసార్లు కారణం డొప్ప మార్పు. బటన్ రబ్బరు చిరిగిందని, లేదా ఫ్లిప్ కీ స్టయిల్‌గా ఉందని కొత్త డొప్ప కొంటారు. షాపువాడు బోర్డు, సెల్ మార్చి బ్లేడు కోసిస్తాడు. పాత డొప్పలో గాడిలో జిగురుతో అంటుకున్న నల్ల ముక్క అక్కడే ఉండిపోతుంది. డోర్లు తెరుచుకుంటాయి, బండి స్టార్ట్ కాదు. పాత డొప్పను అప్పటికి చెత్తబుట్టలో వేసేసి ఉంటారు. డొప్ప మార్పించేటప్పుడు చిప్ ఎక్కడుందో ముందే చూపించమనండి, పాత డొప్పను ఇంటికి పట్టుకెళ్ళండి. గాజు రకమైతే గీకి తీసేటప్పుడు పగులుతుంది, కాబట్టి హెయిర్ డ్రయర్ వేడితో జిగురు మెత్తబరిచి తీయాలి. కొత్త డొప్పలో వదులుగా గలగలలాడకుండా కూర్చోవాలి. కింద పడ్డప్పుడు చిప్ పగిలితే రిపేరుండదు.

చిప్ ఉందో లేదో తెలుసుకునే చవక పరీక్ష అల్యూమినియం ఫాయిల్. కీ తలకాయకు, బ్లేడు మొదలుదాకా, రెండు మూడు పొరలు గట్టిగా చుట్టి స్టార్ట్ చేయండి. స్టార్ట్ కాకుండా కీ గుర్తు మెరిస్తే కారులో ఇమ్మొబిలైజర్ బతికే ఉందని అర్థం. ఫాయిల్ సందు లేకుండా చుట్టినా హాయిగా స్టార్ట్ అయితే సాధారణంగా రెండే కారణాలు. ఆ మోడల్‌కు అసలు చిప్ లేదు, లేదా ఎవరో దాన్ని దాటేశారు. దాటేయడం ఇలా చేస్తారు: పనిచేసే కీ నుంచి చిప్ తీసి స్టీరింగ్ కవరు లోపల రింగు పక్కన టేపుతో అంటించేస్తారు. ఇక బ్లేడు కోసిన ఏ కీ అయినా చాలు. కొందరు ఈసీయూలోనే ఇమ్మొబిలైజర్ ఆఫ్ చేసేస్తారు. "పర్మనెంట్ సొల్యూషన్ సార్" అని చెప్పి చేసే ఈ పనితో మీ కారు సరిగ్గా ఆ అమెరికా కార్ల స్థితికి వస్తుంది. కొనేముందు ఫాయిల్ పరీక్ష చేయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

రిమోట్ సంగతి తేలిక. సెల్ మీద నంబరులోనే కొలతలుంటాయి: సీఆర్ 2032 అంటే 20 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. మందం. షాపులో 2025 ఇస్తే వెడల్పు సరిపోతుంది గానీ 0.7 మి.మీ. పల్చన, కాంటాక్టు ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. మందమైనది కుక్కితే రేకు వంగుతుంది. మీటరుతో ఊరికే కొలిస్తే 2.9 వోల్టులు చూపించి, బటన్ నొక్కగానే కుప్పకూలే సెల్‌లు ఉంటాయి, కాబట్టి బటన్ నొక్కుతూ కొలవాలి. నీళ్ళలో పడితే వెంటనే సెల్ తీసేయాలి. బియ్యం డబ్బాలో పెట్టడం దండగ. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వాలి. చిప్ ముక్క సీలు చేసి ఉంటుంది కాబట్టి వాషింగ్ మెషీన్‌లో తిరిగొచ్చినా తరచూ బతికే ఉంటుంది.

పుష్ బటన్ కార్లలో మాత్రం సెల్‌కు విలువ ఎక్కువ, అక్కడ కీ జేబులోంచే రేడియోలో జవాబివ్వాలి. అయినా సెల్ చచ్చిపోతే కారు వదిలేసి పోనక్కర్లేదు. కీ లోపల చిన్న బ్లేడు దాగి ఉంటుంది, దానితో డ్రైవర్ డోరు తెరవాలి. తర్వాత బ్రేకు తొక్కి, స్టార్ట్ బటన్‌కు కీనే ఆనించి నొక్కాలి. చాలా మోడళ్ళలో బటన్ వెనక అదే రాగి చుట్ట ఉంటుంది, సెల్ లేకుండానే చిప్‌ను చదువుతుంది. కొన్నింటిలో ఆ చోటు స్టీరింగ్ పక్కనో, కప్ హోల్డర్‌లోనో ఉంటుంది. మాన్యువల్‌లో ఏ పేజీయో ఇవాళే చూసిపెట్టుకోండి, చీకట్లో రోడ్డు పక్కన వెతికే పని కాదు. ఈ కీలకు ఇంకో బెడద రిలే దొంగతనం: ఇంటి గుమ్మం దగ్గర ఒకడు, కారు దగ్గర ఒకడు యాంప్లిఫైయర్లతో నిలబడి కీ కారు పక్కనే ఉన్నట్టు నమ్మిస్తారు. టయోటా స్మార్ట్ కీలలో చాలావాటికి లాక్ బటన్ నొక్కిపట్టి అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే, లైటు నాలుగుసార్లు మెరిసి, కీ నిద్రపోతుంది. మిగతావాళ్ళకు మూత బిగుతుగా పట్టే రేకు డబ్బా చాలు. డబ్బాలో పెట్టి కారు పక్కకు తీసుకెళ్ళి డోరు హ్యాండిల్ నొక్కి చూడండి, తెరుచుకుంటే ఆ డబ్బా పనికిరాదు.

రెండో కీ వాడకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టేవాళ్ళు అందులోని సెల్ తీసి పక్కన పెట్టాలి. కారిపోయిన సెల్ బోర్డును తినేస్తుంది. ఆర్నెల్లకోసారి ఆ కీతో బండి స్టార్ట్ చేసి చూసుకోవాలి. కారు దొంగతనం క్లెయిమ్ పెట్టిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది రెండు కీలూ. ఒక్కటే ఉంటే రెండోది ఎప్పుడు, ఎలా పోయిందో కాగితం చూపించమంటారు. కాబట్టి కీ పోయిన రోజే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. ఆ రశీదు, ఆర్సీ పట్టుకుని వెళ్ళి పోయినదాన్ని జాబితా నుంచి కొట్టేయించి, కొత్తదాన్ని నమోదు చేయించుకుని, స్కానర్ తెర మీద కీల సంఖ్య ఫోటో తీసుకోండి. బిల్లు మీద "కొత్త కీ నమోదు, పాత కీ తొలగింపు" అని రెండూ రాయించుకోండి.